ప్రతిపక్షము వలన పాలకపక్షమునకు మేలు



నేడు నేను ప్రసంగింపబోవు విషయము వినగానే కొంత వింతగా దోచును. శాసనసభలో గాని, పంచాయతిలో గాని అధికారము వహించిన పక్షమునకు, తన్ను ఎదిరించు పక్షము బలముగా నుండుట నష్టము గాదనియు, లాభమే యనియు మనవి చేయదలచితిని. ప్రతిపక్షము వలన ప్రజలకు మేలని చెప్పినచో అందఱును తల యూపుదురు. పాలకులకే మేలని చెప్పినచో నవ్వుదురు. ఒకప్పుడు నేనును అట్లు నవ్వినవాడనే.

చాల యేండ్ల క్రిందట నేను మా గ్రామమునకు సర్పంచిగా ఏకగ్రీవముగా నెన్నికైతిని. రామాలయపు టరుగు మీద పెద్దలు కూర్చుండి, పోటీ యేల, ఖర్చు లేల, పగ లేల యని యోచించి, నా పేరును వార్డు సభ్యుల పేర్లును నిర్ణయించిరి. నామినేషను వేయదలచిన యొకరిద్దఱిని బుజ్జగించి మాన్పించిరి. ఊరంతయు నొక్క మాట మీద నున్నదని పొరుగు గ్రామములవారు మెచ్చుకొనిరి. ఆ యైదేండ్లలో పంచాయతి సమావేశమున నొక్కరును నా మాటకు మాఱు పలుకలేదు. అది నా మంచితనమని నేను మురిసిపోయితిని.

పదవీకాలము ముగియవచ్చినప్పుడు, మఱల నిలువదలచి, కాలువ కావల నున్న పల్లెకు వోట్ల కొఱకు పోయితిని. అక్కడి చేతిపంపు రెండు వేసవులు పాడుపడి యుండెననియు, ఆడువారు మైలు దూరము నడచి నీరు మోసికొనిరనియు అప్పుడు వింటిని. ఆ వార్డు సభ్యుని పిలిచి, నా కేల చెప్పవైతి వని యడిగితిని. పోటీ లేకుండ తన్ను సభ్యునిగా జేసినవారము మేమే గనుక, లోపము లెన్నినచో చేసిన మేలు మఱచినవా డందురని యూరకుంటినని యతడు తల వంచుకొని చెప్పెను. ఆ యెన్నికలో నేను ఓడిపోయితిని. నన్ను ఓడించినది పోటీ చేసినవాడు గాడు. ఐదేండ్లు నాకు ఎదురు చెప్పువాడు లేకపోవుటయే నన్ను ఓడించినది.

ఒక పల్లెలో చిన్నదిగా జరిగినది, దేశమునందు మిక్కిలి పెద్దదిగా జరిగిన సందర్భ మొకటి గలదు. 1975వ సంవత్సరము జూను 25వ తేదీని ఇందిరాగాంధిగారి ప్రభుత్వము అత్యవసర పరిస్థితిని విధించెను. జయప్రకాశ నారాయణుగారు, మొరార్జీ దేశాయిగారు మొదలైన ప్రతిపక్ష నాయకులను నిర్బంధించిరి. పత్రికలలో నచ్చు కాదగిన దేదో, కారాని దేదో అధికారులు నిర్ణయింపసాగిరి. ఆకాశవాణి ప్రభుత్వము పలికించిన పలుకులనే పలికెను. ఆ జూలై నెలలో పార్లమెంటు సమావేశమయ్యెను గాని, సభ్యులు మంత్రుల నడుగు ప్రశ్నల సమయమును నిలిపివేసిరి.

ఆ దినములలో కుటుంబనియంత్రణము పేరిట జరిగిన బలవంతము మీలో పెద్దలకు జ్ఞాపక ముండవచ్చును. ఇంతమందిని తేవలెనని అధికారులకును, కొన్ని చోట్ల బడిపంతుళ్ళకును లెక్కలు నిర్ణయించిరి; తేలేనివారి జీతముల నాపుదుమని బెదరించిరి. 1976-77లో ఒక్క సంవత్సరమున దేశమందు 80 లక్షలకు మించి శస్త్రచికిత్సలు జరిగినవి. ఉత్తరాది పల్లెలలో జనులు పడిన బాధ యింతింత గాదు. కాని పైకి పోయిన కాగితములలో నున్నవి అంకెలు మాత్రమే. అంకె పెరిగినకొలది పని సాగుచున్నదనియే ఢిల్లీలో సంతోషించిరి. అంకె వెనుక నున్న యేడ్పును సభలో నిలిచి వినిపింపవలసినవారు చెఱసాలలలో నుండిరి.

1977 జనవరిలో ఎన్నికలు ప్రకటింపబడెను. మార్చిలో ఫలితములు వచ్చినవి. ఉత్తరప్రదేశమున 85 స్థానములు, బీహారున 54 స్థానములు ఉండగా, రెండింటను గలిపి కాంగ్రెసున కొక్క స్థానమైనను దక్కలేదు. ప్రధానమంత్రియే తన రాయబరేలి నియోజకవర్గమున ఓడిపోయెను. మన యాంధ్రప్రదేశమున మాత్రము 42 స్థానములలో 41 కాంగ్రెసునకే వచ్చినవి; నంద్యాలలో నీలం సంజీవరెడ్డిగా రొక్కరే జనతా పక్షమున గెలిచిరి. ఆ బలవంతము దక్షిణాదిని అంతగా సోకకుండుట యిందు కొక కారణము. సోకినచోట నేమి జరుగుచున్నదో పాలకులకు సకాలమున దెలిసియుండినచో, దిద్దుకొనుటకు వ్యవధి యుండెడిది. ఎదిరి నోరు మూసినవారు తమ చెవులనే మూసికొనిరి.

ప్రభుత్వమునకు కలెక్టర్లు లేరా, పోలీసులు లేరా, వేగులవారు లేరా యని మీ రడుగవచ్చును. అందఱును ఉన్నారు. కాని వారందఱి బ్రతుకుతెరువు ఆ ప్రభుత్వము చేతిలోనే యున్నది. చెడువార్త దెచ్చినవానికి బదిలీ గలుగును, మంచివార్త దెచ్చినవానికి మన్నన గలుగును. స్వపక్ష సభ్యులకు రేపు మంత్రిపదవి రావచ్చునన్న యాశ యుండును. ఇట్టివారి నోట నిజము వెలువడుట కష్టము. తప్పును వెదకి పట్టుటయే తనకు లాభమైనవాడు ప్రతిపక్షమువా డొక్కడే. వాడు మండుటెండలో పల్లె పల్లెకు దిరిగి, పగిలిన తూమును, రాని పింఛనును, మూతపడిన ఆసుపత్రిని వెదకి తెచ్చి సభలో బెట్టును. వాని యుద్దేశము పాలకులను దించుటయే కావచ్చును. కాని తెలివిగల పాలకుడు ఆ జాబితాను దీసికొని, వాని కంటె ముందుగా పని చక్కబెట్టి, ఆ కీర్తిని తానే పొందవచ్చును గదా!

లంకలో విభీషణుడు నిండుకొలువున అన్నగారికి అప్రియమైన సత్యమును జెప్పెను. రావణుడు వానిని అవమానించి వెడలనడచెను. ఆ పిమ్మట ఆ కొలువున మిగిలినవారిలో పెక్కుమంది రాజు ముఖము చూచి మాటలాడువారే. ఆ దినముననే లంక సగము ఓడిపోయినదని మన పెద్ద లందురు. అయితే విభీషణునకు కొలువులో నున్న స్థానము రాజు దయవలన వచ్చినది. రాజు కోపించిన పోయినది. శాసనసభలో ప్రతిపక్షమునకు గల స్థానము ఏలికల దయ గాదు. ప్రజ లిచ్చినది.

ఆంగ్లేయులు ఈ సంగతిని మన కంటె ముందుగా గ్రహించిరి. 1937వ సంవత్సరమున వారి పార్లమెంటు ఒక చట్టము చేసి, ప్రతిపక్ష నాయకునకు ఏటికి 2,000 పౌనుల జీతమును ప్రజాధనము నుండి యేర్పఱచెను. తన్ను తిట్టువానికి తానే జీత మిచ్చుట వెఱ్ఱితనముగా దోచును. కాని మూడేండ్లు తిరుగకమున్నే దాని ఫలము కనబడెను. 1940 మే నెలలో, నార్వేలో బ్రిటిషు సేనకు గలిగిన పరాభవమును గూర్చి కామన్సు సభలో రెండు దినములు చర్చ జరిగెను. లేబరు పక్షము వోటు కోరగా, స్వపక్షీయులే పలువురు ఎదురు తిరిగిరి. రెండువందలకు మించియుండిన ప్రభుత్వపు ఆధిక్యము 81కి దిగెను. చేంబర్లేను తొలగి, చర్చిలు ప్రధానమంత్రి యయ్యెను. అతడును కన్సర్వేటివు పక్షమువాడే. చేంబర్లేను క్రింద పనిచేయ నొల్లని లేబరు నాయకుడు ఆట్లీ, చర్చిలు క్రింద మంత్రిగా జేరెను. ఎదిరిపక్షము గట్టిగా నిలిచినందున పాలకపక్షము తన నాయకుని సకాలమున మార్చుకొనగలిగెను. ఆపత్కాలమున భుజము గలుపుటకు తగినవా రెదుట సిద్ధముగా నుండిరి.

మన దేశమునను అట్టి చట్టము 1977లో వచ్చినది. దానిని చేసినవారిలో పెక్కురు అంతకు ముందే చెఱసాలల నుండి వెలువడినవారు. తమ్ము నిర్బంధించిన పక్షము ఇప్పుడు ప్రతిపక్షము కాగా, ఆ పక్ష నాయకునకే వారు మంత్రితో సమానమైన జీతమును స్థానమును గల్పించిరి. ఇది కేవలము ఔదార్యము గాదు, అనుభవము నేర్పిన పాఠము.

ఎదుటి బల్లలు పలుచనైనప్పుడు ప్రశ్న యడుగు భారము స్వపక్షముమీద బడును. 1957లో లోకసభలోని 494 స్థానములలో 371 కాంగ్రెసువే. ఆ యేటి డిసెంబరులో, జీవితబీమా సంస్థ ముంద్రా యను వర్తకుని కంపెనీలలో కోటి రూపాయలకు పైగా బెట్టి వాటాలు కొన్న సంగతిని సభలో బయలుపఱచినవాడు ఫిరోజుగాంధి. ఆయన కాంగ్రెసు సభ్యుడే, ప్రధానమంత్రి నెహ్రూగారి యల్లుడును. జస్టిసు చాగ్లా బహిరంగముగా విచారణ జరిపెను. 1958లో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారిగారు రాజీనామా నిచ్చిరి. అట్టి ధైర్యవంతుడు స్వపక్షమున నుండుట యదృష్టము. కాని రాజ్యమును అదృష్టముపై నిలుపరాదు. 1967 నుండి పార్లమెంటున ప్రభుత్వ లెక్కల సంఘమునకు ప్రతిపక్ష సభ్యుని అధ్యక్షునిగా నియమించు సంప్రదాయ మేర్పడినది. ఖర్చు పెట్టువాడొకడు, లెక్క చూచువాడొకడు అన్న యింటి న్యాయమే యిది.

ఇంత యెఱిగియు మన తెలుగునాట పాలకపక్షములు ప్రతిపక్షమును గరగించుటయే గెలుపని భ్రమపడుట పలుమారు చూచితిమి. 2014 తరువాత ఆంధ్రప్రదేశమున ప్రతిపక్షపు టికెట్టుపై గెలిచిన 23 మంది శాసనసభ్యులు పాలకపక్షమున జేరిరి. 2019లో ఆ పాలకపక్షమునకు దక్కినవి 23 స్థానములే. ఆ యేట 175లో 151 స్థానములతో వచ్చిన పక్షము 2024లో 11కి దిగెను. తెలంగాణమున 2019లో 12 మంది కాంగ్రెసు శాసనసభ్యులు పాలకపక్షమున విలీనమైరి. 2023లో ఆ పాలకపక్షము 39 స్థానములతో అధికారమును గోల్పోయెను. ఏ యొక్క పక్షమును నిందించుటకును నే నిది చెప్పలేదు. ఓటమికి కారణము లనేకము లుండును. కాని యొకటి స్పష్టము. సభలోని బల్లలను ఖాళీ చేయవచ్చును గాని, ప్రజల మనస్సులలోని యసంతృప్తిని ఖాళీ చేయజాలరు. సభలో వినబడని మాట వోటుపెట్టెలో వినబడును; అప్పటికి దిద్దుకొను గడువు దాటిపోవును.

ప్రతిపక్షములన్నియు ఇంత మంచివియా, మంచిపనికిని అడ్డుపడి, కేకలు వేసి, సభాకాలమును వ్యర్థము చేయుట లేదా యని మీరు ప్రశ్నింపవచ్చును. చేయుచున్నవి. అది తప్పే. కాని గమనింపుడు: నాలుగు స్థానములు మాత్రమే గలిగి, మాటలాడ నవకాశము రానివాడే మిక్కిలి కేకలు వేయును. రేపు తానే పాలింపవలసి వచ్చునని నమ్మినవాడు, రేపు తాను చేయలేనిదానిని నేడు కోరుటకు వెనుదీయును. బలమైన ప్రతిపక్షమునకు బాధ్యత యెక్కువ. బలహీనమైనదానికి గొంతు యెక్కువ. కళ్ళమున గాలి లేనిదే ధాన్యమును తూర్పారబట్టలేము. గాలి మితిమీరినచో గింజయు నెగిరిపోవు నను మాట నిజమే. కాని గాలియే వల దనుకొన్న రైతునకు పొల్లు గింజలతో గూడ మిగులును.

మా యూరి కథ కొంచెము మిగిలినది. ఐదేండ్ల తరువాత నేను మఱల పోటీచేసి, స్వల్పమైన ఆధిక్యముతో గెలిచితిని. ఈ పర్యాయము పంచాయతిలో మువ్వురు ఎదిరిపక్షమువారు. వారిలో నొక రైతు ప్రతి సమావేశమునను ప్రతి బిల్లును చదువుమనెడివాడు. మంచినీటి గొట్టముల పని ముగిసి, గుత్తదారునకు సొమ్ము చెల్లించు దినమున, గొట్టములు మూడడుగుల లోతున నున్నవని నీవు చూచితివా యని నన్ను నలుగురిలో నిలదీసెను. నాకు మిక్కిలి కోపము వచ్చినది. అతనిని అబద్ధీకుని జేయవలెనన్న పంతముతోనే నాలుగు చోట్ల త్రవ్వించితిని. రెండు చోట్ల అడుగున్నర లోతు మాత్రమే యుండెను. కొలతల పుస్తకమున నొక లెక్క, నేలలో నొక లెక్క. నేను సంతకము చేసియుండినచో, ఆ నష్టము నా నెత్తిన బడియుండును, నా పేరు చెడియుండును. నన్ను అవమానింపవచ్చినవాడు నా మానము గాపాడెను. ఆ రాత్రి నేనతని యింటికి బోయి, వచ్చే సమావేశమునకు గూడ తప్పక రమ్మని చెప్పితిని. పిలువకున్నను వత్తునని యతడు నవ్వెను.

గ్రామపెద్దలారా! పంచాయతి యెన్నికలు వచ్చినప్పుడు ఏకగ్రీవము చేయుడని మిమ్ము గోరుదురు. ప్రోత్సాహకముగా సొమ్ము నిచ్చుటయు గలదు. కలహము లేకుండుట మంచిదే. కాని అరుగు మీద కూర్చుండి పేర్లు నిర్ణయించునపుడు ఒక్క విషయము తలపోయుడు. మనము మాన్పించుచున్నది కలహమునా, ప్రశ్ననా? పోటీ మానినను, మీకు ఎదురు చెప్పగల యిద్దఱు ముగ్గురికైన ఆ సభలో చోటుండునట్లు చూడుడు. కాలువ కావలి పల్లెలోని చేతిపంపు సంగతి మీకు వారే చెప్పుదురు.