మనసు చెప్పింది సరే, స్లంప్ టెస్ట్ చేసినవా?

డ్యూటీ అయిపోయి బస్సులో కూర్చొని వింటున్నవాళ్లు ఉంటరు, రూంల వంట చేసుకుంట వింటున్నవాళ్లు ఉంటరు. పప్పు అడుగంటకుండ చూసుకోండి, నేను తొందరగనే ముగిస్త.

పాడ్‌కాస్ట్ నడిపే తమ్ముడు నన్నెందుకు పిలిచిండో ముందు చెప్త. మా ఇంటామె నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులేసే చిన్న వ్యాపారం నడుపుతది. నెలకు ఒకసారో రెండుసార్లో హైదరాబాద్ నుంచి కొందరు వచ్చి, మా ఇంట్లనే రెండు రోజులుండి, ఆ పని నేర్చుకొని పోతరు. "అన్నా, వదిన అంతా మనసుకు తోచినట్టే చేస్తదట గదా, అట్లనే వ్యాపారం నిలబడ్డదట గదా, ఆ ముచ్చట చెప్పు" అన్నడు తమ్ముడు. అది సగమే నిజం. మిగతా సగం నేర్చుకునేందుకు నాకు డెబ్బై వేల రూపాయలు ఖర్చయినయి. మీకు ఖర్చు లేకుండ చెప్త.

మొదలు మన సైట్ ముచ్చటతోని మొదలుపెడత. నేను షార్జాలో ఉంటా, సూపర్‌వైజర్‌ను. కాంక్రీట్ లారీ వచ్చి గేటు కాడ ఆగిందంటే, డ్రమ్ము తిరిగే చప్పుడు, చూట్ మీద మాల్ జారే తీరు చూసి నాకు తెలిసిపోతది, దీంట్ల నీళ్లు ఎక్కువైనయని. పదిసార్లల్ల తొమ్మిదిసార్లు అది కరెక్టే అయితది. మీల చానామందికి కూడ అట్లనే తెలుస్తది. ఇన్నేండ్లు మాల్ మోసిన చెయ్యి అది, దానికి తెలియకపోతే ఎవరికి తెలుస్తది?

అట్లని నా మనసు చెప్పిందని లారీని వాపస్ పంపుతనా? పంపను. కోన్ తెప్పిస్త. 300 మిల్లీమీటర్ల ఎత్తు కోన్, మూడు పొరలుగ నింపి, పొరకు 25 పోట్లు రాడ్‌తోని పొడుస్తం. కోన్ మెల్లగ పైకి లేపుతం. మాల్ ఎంత కుంగిందో టేపు పెట్టి కొలుస్తం. ఆ తర్వాతనే లోపలికి రమ్మనుడో, ఎనుకకు పొమ్మనుడో. మనసు అనుమానం చెప్తది, కోన్ జవాబు చెప్తది. ఆ పదోసారి నా కన్ను తప్పుతది చూడు, దాని కోసమే కోన్ ఉన్నది.

ఇది సైట్ మీద నాకు రోజూ తెలిసిన పని. ఇంటి వ్యాపారంల మాత్రం దీన్ని మరిచిపోయిన.

నిర్మల్ బొమ్మల పని ఎట్లుంటదో తెలియనోళ్లకు రెండు ముక్కలల్ల చెప్త. పొనికి చెక్క అని ఉంటది. చాన మెత్తగ, తేలికగ ఉంటది. తరతరాలుగ నకాషీ కుటుంబాలోళ్లు దాన్ని చెక్కుతరు. చిలుకలు, జింకలు, పండ్లు, కూరగాయలు. ముక్కలు అతికేతందుకు, సందులు నింపేతందుకు చింతగింజల జిగురుల చెక్కపొట్టు కలిపి పెడతరు. అది ఆరినంక తెల్లసుద్ద పూస్తరు, నున్నగ రుద్దుతరు, ఆ తర్వాత రంగు. మేము నకాషీలం కాదు. మా ఇంటామె ఒక పెద్దాయన దగ్గర పదకొండేండ్లు కూలికి రంగులేసింది. ఇప్పటికీ చెక్కుడు పని ఆ పెద్దాయన ఇంటోళ్లదే, వాళ్ల దగ్గర కొని మేము రంగు వేస్తం. ఎవరన్న "ఇవి మీరే చేసిన్రా" అంటే ఆమె ముందు వాళ్ల పేరే చెప్తది.

2019లో ఒక ఆర్డర్ వచ్చింది. వచ్చింది అంటే నేనే పట్టిన. క్యాంపుల ఒక దోస్తు ఇంట్ల శ్రావణంల పెండ్లి. వచ్చినోళ్లకు ఇచ్చేటందుకు 300 చిలుకలు కావాలన్నడు. అడ్వాన్స్ ముప్పై వేలు. నాకు లోపల ఒకటే మాట, ఇదే మన టైం, ఇక్కడి నుంచి వెనక్కి చూసేది లేదు అని. ఆమెను అడగకుండనే సరే అన్న.

ఆషాఢంల చెక్క వచ్చింది. బయట ముసురు. మీకు తెలుసు గదా, ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండల పని బంద్. ఆ టైంల రోజూ ఇంటికి ఫోన్ చేస్త, అక్కడ రెండు గంటలైతది. ఆమె అన్నది: "చెక్క చేతికి బరువుగ తాకుతున్నది. చెంపకు పెట్టుకుంటే సల్లగ ఉన్నది. నాకెందుకో మంచిగ అనిపిస్తలేదు." చెక్కే పెద్దాయన గూడ అన్నడంట, "ఇంకో నెల ఆరనియ్యి బిడ్డా" అని.

నేనేమన్ననో తెలుసా? "నీకు అన్నీ అనుమానాలే. పెండ్లి తారీఖు ఆగుతదా? నా మనసు చెప్తున్నది, ఏం కాదు."

బొమ్మలు అనుకున్న రోజుకు ఇచ్చినం. చూడ సక్కగున్నయి. వాటిని దోస్తు ఇంట్ల డబ్బాలల్ల పెట్టి ఉంచిన్రు. పెండ్లికి నాలుగు రోజుల ముందు తెరిస్తే సుద్ద పగిలి, రెక్కల కాడ రంగు పొరలు పొరలుగ లేచింది. లోపల పచ్చి చెక్క ఆరుకుంట ముడుచుకుంటది, పైన సుద్ద ముడుచుకోదు. పగలక ఏం చేస్తది? సైట్ మీద పదిమందికి చెప్పేటోన్ని, తడి గోడ మీద పెయింట్ వెయ్యొద్దు అని. అడ్వాన్స్ వాపస్ ఇచ్చినం. చెక్క, కూలీ, రంగులు కలిపి ఇంకో నలభై వేలు పోయినయి. దోస్తు ఏడాది మాట్లాడలే.

ఆ రోజుల్ల నేను చాన ఆలోచించిన. ఇద్దరం మనసు మాటే చెప్పినం. ఆమెది నిజమైంది, నాది ఎందుకు కాలే? జవాబు అలకనే ఉన్నది. ఆమె మనసు వెనుక పదకొండేండ్ల చెయ్యి ఉన్నది. వేల ముక్కలు పట్టుకున్న చెయ్యి. ఆమెకు నోటితోని వివరం చెప్పరాలేదు, చెయ్యికి మాత్రం తెలుసు. నా మనసు వెనుక ఏమున్నది? చెక్క గురించి ఒక్క రోజు అనుభవం లేదు. ఇంటికి పోవాలనే ఆశ ఉన్నది. ఆశ మాట్లాడింది, నేను దాన్ని మనసు అనుకున్న.

అన్నా, ఈ ఒక్క ముక్క పట్టుకోండి చాలు. రెండూ లోపల నుంచే వస్తయి, రెండూ ఒకే గొంతుతోని మాట్లాడతయి. ఒకటి పని చేసి చేసి వచ్చిన తెలివి. ఇంకొకటి ఆశనో, భయమో, అలసటనో. వేరు చేసుడు నేర్చుకోకపోతే పైసలు పోతయి.

ఆ దెబ్బ తర్వాత ఆమె తన కోన్ తానే తయారు చేసుకున్నది. కొత్త చెక్క వస్తే నాలుగు ముక్కలు తీసి, వాటి మీద పెన్నుతోని బరువు రాస్తది. కిరాణం తరాజు మీదనే తూకం. వారానికొకసారి మళ్ల తూస్తది. బరువు తగ్గుతున్నదంటే ఇంకా నీళ్లు పోతున్నయని. రెండుసార్లు వరుసగ అదే బరువు వస్తేనే చెక్కేటోళ్లకు ఇస్తది. ఇప్పుడు చెయ్యి చెప్పింది, తరాజు చెప్పింది, రెండూ కలిస్తేనే పని. చానసార్లు చెయ్యే ముందు చెప్తది, తరాజు తర్వాత ఒప్పుకుంటది.

ఇగ నేర్చుకునేటోళ్ల ముచ్చట. ఇది ప్లాన్ చేసి పెట్టింది కాదు. 2022లో బొమ్మలు కొననీకి వచ్చిన ఒకామె, "అక్కా, నేను పొద్దంతా ఇక్కడ కూసుంటా, ఒక్కటి నాతోని వేయించు" అన్నది. మా ఇంటామె కూసుండబెట్టింది. సాయంత్రం పోయేటప్పుడు ఆమె కండ్లల్ల నీళ్లు. ఆఫీసుల కంప్యూటర్ ముందర ఉండి ఉండి, చేతితోని ఒక వస్తువు చేసి ఎన్నేండ్లయిందో అన్నదంట. ఆ తర్వాత ఆమె నలుగురిని పంపింది. అట్ల మొదలైంది.

మనిషికి రెండున్నర వేలు. రెండు రోజులు తిండి, పడక, రంగులు, ఎవరు వేసిన బొమ్మ వాళ్లదే. ఎనిమిది మందికి మించి వద్దని ఆమె అన్నది. ఎందుకని అడిగితే "ఎనిమిది మంది చేతులు నాకు కనబడతయి, అంతకు మించితే కనబడవు" అన్నది. నాకు మళ్ల లోపల గొణుగుడు మొదలైంది. ఇరవై మందిని పెట్టు, మీద రేకుల షెడ్డు వేస్త, ఆరు లక్షలు నా దగ్గర ఉన్నయి అని.

ఈసారి మాత్రం ఆగిన. "ఒక్క బ్యాచ్ పన్నెండు మందితోని చేసి చూద్దాం, లెక్క రాద్దాం" అన్న. ఆరు లక్షలు పెట్టే ముందు ఒక కోన్ మాల్.

లెక్క వినండి. ఎనిమిది మందికి వచ్చేది 20,000. బొమ్మలు, రంగులు 2,800. తిండి 4,800. ఇద్దరు సాయం చేసేటోళ్లకు రెండు రోజుల కూలీ 2,400. చెక్కుడు చూపించే పెద్దాయనకు 3,000. పరుపులు, బండి కిరాయి 2,000. మొత్తం 15,000 పోతే 5,000 మిగిలింది. పన్నెండు మందికి వచ్చింది 30,000. బొమ్మలు, రంగులు 4,200. తిండి 7,200. సాయానికి ముగ్గురు కావాల్సి వచ్చె, 3,600. చూపించేటందుకు పెద్దాయన ఒక్కడు సరిపోక ఇంకొకరు, ఇద్దరికి 6,000. పరుపులు, బండి 4,500. మొత్తం 25,500. మిగిలింది 4,500. నలుగురు ఎక్కువ వచ్చి ఐదు వందలు తక్కువ మిగిలినయి! మీదికెళ్లి ఆమె రెండు రోజులు పొయ్యి కాడనే ఉన్నది. సుద్ద ఆరకముందే ముగ్గురు రంగు వేసి ఖరాబు చేసుకున్నరు, చూసేటోళ్లు లేరు.

షెడ్డు వెయ్యలే. ఆరు లక్షలు బ్యాంకులనే ఉన్నయి. వానాకాలంల బ్యాచ్‌లు గూడ బంద్ పెట్టినం, ముసురుల సుద్ద ఆరదు.

లెక్కల ఇంకొకటి చూడండి. ఆ 5,000ల మా ఇంటామె కూలీ లేదు. ముందు ఒక రోజు తయారీ, తర్వాత ఒక రోజు సర్దుడు, మొత్తం నాలుగు రోజులు. అంటే రోజుకు 1,250. ఇంటోళ్ల కూలీ రాయకుండ లాభం అనుకోవద్దు. మనం వాపస్ పోయి దుకాణం పెట్టినా, హోటల్ పెట్టినా, ఈ తప్పే చేస్తం. సొంత మనుషుల కష్టాన్ని సున్న కింద రాస్తం.

చివరి ముచ్చట. ఇది చెప్పాలా వద్దా అని తమ్మునితోని గూడ అన్న. చెప్త.

పోయిన ఎండాకాలం ఒక రాత్రి నేను ఫోన్ చేసి, "రాజీనామా ఇచ్చి వస్తున్న, నా మనసు గట్టిగ చెప్తున్నది" అన్న. ఆమె జరసేపు సప్పుడు చెయ్యలే. తర్వాత అడిగింది, "ఇయ్యాల ఎన్ని గంటలకు లేచినవ్?" మూడున్నరకు. "తిన్నవా?" లేదు. "గది మనసు కాదు, అలసట. పండుకో. మూడు రోజులు పొద్దున పొద్దున అదే అనిపిస్తే నాలుగో రోజు చెప్పు."

మొదటి పొద్దున అట్లనే అనిపించింది. రెండో పొద్దున గూడ. మూడో పొద్దున కొంచెం తగ్గింది. నాలుగో రోజు చెప్పిన: "పోవాలనే ఉన్నది, కని ఉరికి పోవాలని లేదు." అప్పుడు ఆమె ఒక షరతు పెట్టింది. ఆరు నెలలు నేను పంపే పైసలు ముట్టకుండ బ్యాంకుల వెయ్యాలె. ఇల్లు, పిల్లల ఫీజులు, అత్తమ్మ మందులు, అన్నీ వ్యాపారం మీదనే నడవాలె. ఆరు నెలలు నడిస్తే రమ్మంటది. అదే మా ఇంటి స్లంప్ టెస్ట్.

ఇప్పటికి నాలుగు నెలలైనయి. రెండు నెలలు నడిచింది. ఒక నెల మూడు వేలు తక్కువ పడ్డది. ఒక నెల ఫీజులొచ్చి పదకొండు వేలు తక్కువ పడ్డది, బ్యాంకుల నుంచి తీసినం. ఇంకా రెండు నెలలున్నయి. నా మనసు ఏం చెప్తున్నదో మీకు తెలుసు, చెప్పాల్సిన పనిలేదు. కాని కోన్ ఇంకా పైకి లేపలే.

మీ రూంల ఎవరన్న "మనసు చెప్పింది, బండి కొంటున్న, కోళ్ల ఫారం పెడుతున్న" అంటే నవ్వకండి, ఆపకండి. మూడు మాటలు అడగండి. ఈ పని నీ చెయ్యి ఎన్నేండ్లు చేసింది? ఈ మాట తిన్నంక, పండుకొని లేచినంక గూడ అట్లనే ఉన్నదా? మొత్తం పైసలు పెట్టకముందు చిన్నగ చేసి చూసే తొవ్వ ఏది? మూడిటికీ జవాబు ఉంటే, ఆ మనసును నమ్మొచ్చు.

రెండు నెలలాగి తమ్ముడు మళ్ల పిలిస్తే వస్త. లెక్క ఎట్లొచ్చినా ఉన్నదున్నట్టు చెప్త. పప్పు చూసుకోండి. ఉంటా మరి.