వెలికొండ మబ్బు – వేసవి ఉరుముల వానలు



చైత్ర వైశాఖ మాసములలో, వరి కోతలు ముగిసి ధాన్యము ఇంకను కళ్లములో నున్నప్పుడు, మధ్యాహ్నము రెండు గంటలకు పడమటి దిక్కు చూడండి. వెలికొండల వరుస పైన దూది గుట్టల వంటి తెల్లని మబ్బులు రెండు మూడు కనబడును. మీ తల మీద మాత్రము మబ్బు తునక లేదు, ఒళ్లు కాలు ఎండ. ఆ మబ్బు ఉదయగిరి వారిదో రాపూరు వారిదో, మనది కాదని పని సాగింతుము. సాయంత్రము అయిదు గంటలకు అదే మబ్బు నల్లబడి నెత్తి మీదికి వచ్చును. నేను చెప్పదలచినది ఈ మూడు గంటల సంగతి.

ఈ మబ్బు కొండ మీదనే ఎందుకు పుట్టును? ఎండకు కొండ వాలులు వేడెక్కి వాటి మీది గాలి పైకి లేచును. అదే వేళకు బంగాళాఖాతము నుండి సముద్రపు గాలి తేమను మోసికొని లోపలికి వచ్చును. ఆ తేమగాలి కొండ వాలు వెంబడి పైకెక్కును. ఎక్కిన కొలది చల్లబడి మబ్బగును. మబ్బు కట్టునప్పుడు తేమలో దాగిన వేడి వెలువడి గాలిని మరింత పైకి త్రోయును. పాల పొంగు వలె గంట సేపటిలోనే ఆ మబ్బు శిఖరము పది కిలోమీటర్ల ఎత్తు దాటగలదు. అంత ఎత్తున నున్నది మంచే. మంచు పలుకులు, వడగండ్లు ఒకదానితో నొకటి రాసుకొనుట వలన విద్యుత్తు పుట్టును. మబ్బు తల కమ్మరి దాగలి వలె విప్పారినచో అది బాగుగా ముదిరిన మబ్బని తెలిసికొనవలెను. పైగాలి పడమటి నుండి వీచు దినములలో అది కొండ దిగి కలువాయి, పొదలకూరు ప్రాంతముల మీదుగా తీరమునకు నడచును.

లేచిన మబ్బులన్నియు రావు. చాల భాగము కొండ మీదనే కురిసి కరగిపోవును. మన ఏమరుపాటునకు కారణమిదియే. తుపాను సంగతి వేరు. 2010 మే నెలలో వచ్చిన లైలా వంటి తుపాను సముద్రము వైపు నుండి వచ్చును, ముందుగా రోజుల తరబడి హెచ్చరికలుండును. కొండ మబ్బు ఇచ్చు గడువు రెండు మూడు గంటలే. పైగా వాతావరణము వేడెక్కుచున్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు ఏడు శాతము అధికముగా తేమను మోయగలదు; కురిసినప్పుడు ఒక్క పెట్టున కురియుటకు అవకాశము హెచ్చు. భరణి కార్తె, కృత్తిక కార్తె అని లెక్క వేసికొని ధీమాగా నుండుటకు వీలు లేదు.

వాన కంటె ముందు గాలి వచ్చును. మబ్బులో చల్లబడిన గాలి బరువెక్కి నేలకు దిగి నలుదెసలకు పరచుకొనును. దుమ్ము లేచును, ప్రాణమునకు హాయిగా నుండును. ఆ నిమిషముననే మనమందరము టార్పాలిన్లు పట్టుకొని కళ్లమునకు పరుగెత్తుదుము. పిడుగు పడు సమయము కూడ అదియే. వాన కురియు చోటికి పది కిలోమీటర్ల దూరమున, ఎండ కాయు చోట సైతము పిడుగు పడగలదు.

నా బడి చదువు నాటి మాట. మా చిన్నాన్న మూడు పుట్ల ధాన్యపు రాశి మీద పట్ట కప్పుచు, ఎగిరిపోవు చివరి కొసకు రాయి పెట్టుటకు వెనుకకు పోయెను. చినుకు పడలేదు. ప్రక్కనున్న తాడిచెట్టు మీద పిడుగు పడి ఆయన కూలిపోయెను. ముట్టుకొన్నచో కరెంటు కొట్టునని తలచి చుట్టునున్న వారము దూరముగా నిలబడితిమి. అది పెద్ద పొరపాటు. పిడుగు తగిలిన మనిషిలో విద్యుత్తు నిలిచి యుండదు. వెంటనే ముట్టుకొనవచ్చును. ఊపిరి ఆడనిచో రొమ్ము మధ్య రెండు చేతులతో గట్టిగా, వేగముగా అదుముచు 108కి కబురు చేయవలెను. చిన్నాన్న లేవలేదు. ఆ రాత్రి తడిసిన ధాన్యము మూడు రోజులలో ఎండినది.

కనుక రాశి కప్పుట అయిదు గంటల పని కాదు, రెండు గంటల పని. కొండ మీద మబ్బు గోపురము కట్టుచున్నదని తోచినప్పుడే కప్పి, అంచులకు బరువులు పెట్టి, రాశి చుట్టు కాలువ తీయండి. మబ్బు రాకపోయినచో నష్టము ఒక పూట ఎండ మాత్రమే. మెరుపు కనబడగానే ఒకటి, రెండు అని లెక్కింపుడు. ముప్పది లోపుగా ఉరుము వినబడినచో పిడుగు పది కిలోమీటర్ల లోపల పడినదన్న మాట. రాశి ఎట్లున్నను వదలి పక్కా ఇంటికో, తలుపులు మూసిన బస్సు లోనికో పోవలెను. చివరి ఉరుము తరువాత అరగంట వరకు తిరిగి రారాదు. చెట్టు క్రింద, మోటారు స్టార్టరు వద్ద, నిమ్మతోట ఇనుప కంచె ప్రక్కన నిలువరాదు. ట్రాక్టరు మీద కూర్చున్నను రక్షణ లేదు. ఏ దారియు లేనిచో పాదములు దగ్గరగా చేర్చి గొంతుక్కూర్చుండవలెను. పడుకొనరాదు, గుంపుగా నుండరాదు. ఉరిమినప్పుడు అర్జునుని పేర్లు తలచుకొనుట మన వాడుక. తప్పక తలచుకొనుడు, ఇంటిలోనికి పోయి తలచుకొనుడు.

2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రములో 13 గంటలలో 36,749 పిడుగులు నమోదైనవి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇప్పుడు పిడుగు హెచ్చరికలను సెల్‌ఫోనులకు పంపుచున్నది. పూనాలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ వారి "దామిని" యాప్ కూడ పనికివచ్చును. ఇంటిలో చదువుకొను పిల్లవానితో దానిని ఫోనులో పెట్టించుకొనండి. అయినను ఫోను మ్రోగలేదని ఉరుమును నమ్మక మానవద్దు.

ధాన్యము తడిసినచో బెంగ పడనక్కరలేదు. కళ్లములోని తడి ధాన్యమునకు క్వింటాలుకు ఒక కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి ఉంచినచో మొలక రాదు, ముక్కదు. ఎండ రాగానే ఆరబెట్టి తూర్పార పట్టుకొనవలెను. చేనిలో కోసిన పనలు తడిసినచో లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి వాటి మీద చల్లండి.

ఉరుము వాన యెరువుతో సమానమని పెద్దలందురు. మెరుపు వలన గాలిలోని నత్రజని కొంత నేలకు దిగుట నిజమే, కాని ఏడాదికి ఎకరమునకు కొద్ది కిలోలకు మించదు. దానిని నమ్మి యూరియా మానరాదు. అసలు లాభము పదునులో ఉన్నది. వాన వెలిసిన రెండవ నాడో మూడవ నాడో వాలుకు అడ్డముగా దున్నినచో తరువాతి వాన ఇంకును, కలుపు చచ్చును, నేలలోని పురుగుల కోశములు బయట పడి కొంగలకు మేతయగును. ఎడగారు వరి వేయని మళ్లలో అదే పదునున ఎకరమునకు 10 నుండి 12 కిలోల జీలుగ విత్తనము చల్లండి. పూత దశలో కలియ దున్నిన జీలుగ ఇచ్చు నత్రజని ముందు మెరుపు ఇచ్చునది లెక్కకు రాదు. విత్తనమును మాత్రము వాన పడిన తరువాత వెదకుకొనక, ఇప్పుడే తెచ్చి ఇంట నుంచుకొనవలెను.