రేకుల షెడ్డుకు అంచులు, అతుకులు



గాంధీపురం పరిసరాలలో తెలుగు కుటుంబాల చిన్న కార్ఖానాలు, మిద్దెల మీది గదులు ఎన్నో రేకుల నీడనే ఉన్నవి. తమిళంలో తగరమన్నా, తెలుగింట రేకన్నా వస్తువు ఒక్కటే. షెడ్డు కట్టించేవారు రేకు మందాన్ని గురించి, రంగును గురించి రోజుల తరబడి బేరమాడతారు. నడికొప్పు మీది రిడ్జ్ క్యాపును, గోడకూ రేకుకూ నడుమ వేసే ఫ్లాషింగును మాత్రం మేస్త్రి ఇష్టానికి వదలివేస్తారు. కురిసేది అక్కడే. రేకు నడుమ నుండి నీరు దిగడం అరుదు. రేకు ముగిసే చోట, మరొకదానిని తాకే చోట దిగుతుంది. మోటారు వైండింగు చేసేవారికి ఆ చుక్క వారం కూలికి గండి.

కోయంబత్తూరుకు పడమట పాలక్కాడు కనుమ ఉన్నది. జూన్ నుండి ఆగస్టు వరకు దానిగుండా వచ్చే గాలి బలమైనది. ఎక్కువ వాన మాత్రం అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది. గాలి ఒక దిక్కు, వాన మరొక దిక్కు. ఈ ఊరి చిక్కు అదే. నడికొప్పు తూర్పు పడమరలుగా ఉన్న షెడ్డుకు రిడ్జ్ క్యాపు ముక్కలను తూర్పు కొస నుండి మొదలుపెట్టి పడమటికి పరచవలెను. అప్పుడు పై ముక్క అంచు తూర్పు వైపు ఉంటుంది. పడమటి గాలి దానిని ఎత్తలేదు. తూర్పు జల్లు చొరకుండా ముక్క మీద ముక్కను 150 మిల్లీమీటర్ల మేర ఎక్కించి, నడుమ సీలెంటు పూయవలెను.

గోడ దగ్గర మామూలుగా జరిగేది సిమెంటు పూత. అది త్వరలోనే బీటలు వారుతుంది. పది మీటర్ల ఉక్కు రేకు 40 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది, ఆ కదలికను సిమెంటు పూత తట్టుకొనలేదు. పైగా తడి సిమెంటు రేకు మీది అల్యూమినియం, జింకు పూతను తినివేస్తుంది. గోడలో గాడి కోసి, ఫ్లాషింగు పై అంచును అందులో దూర్చి, న్యూట్రల్ సిలికానుతో మూయడమే సరైన పద్ధతి. వెనిగరు వాసన వేసే సిలికాను చవకే, కాని రేకుకు పడదు.

ఫ్లాషింగు కూడా రేకు జాతిదే కావలెను. కొలతలు రేకుల ఆర్డరుతోపాటే ఇస్తే రంగూ కలుస్తుంది. గాల్వాల్యూమ్ రేకుకు సీసం, రాగి తగలరాదు. రాగిని తాకి పారిన నీరు సైతం ఆ పూతను కొరుకుతుంది. కాబట్టి వైండింగు షాపులవారు తెగిన తీగముక్కలను కప్పు మీదికి చేరనీయరాదు. స్క్రూలు బిగించిన నాడే రంధ్రాల ఇనుప రజనును ఊడ్చివేయవలెను. ఎంత మంచి మేస్త్రి అయినా మరచేది ఈ పనినే.

గోడ ఉమ్మడిదైతే, గాడి కోయక మునుపే పక్కింటివారి సమ్మతి తీసుకొనవలెను. అడగకుండా కోసిన గాడి వలన, అవతలి వాకిట పడే చూరునీటి వలన ఏళ్ల పరిచయాలు కూడా చెడుతాయి. వారు ఒప్పుకొనకపోతే, షెడ్డును గోడకు ఆనించక ఒక అడుగు ఎడంగా కట్టి, చూరుకు గట్టరు వేయించడం మేలు. ఖర్చు కొంత పెరుగుతుంది. నీరు మాత్రం కట్టించినవారి వాకిటనే దిగుతుంది.