సూది మొన సాక్ష్యం, విద్యుదావేశపు లెక్క

ఎలక్ట్రోడ్ ఉపరితలంపై జరిగే చర్యలను పరమాణు బల సూక్ష్మదర్శినితో పరిశీలించడమనే ఈనాటి విషయంలో పరికరం పనితీరు, బంగారంపై రాగి పొర, లిథియం బ్యాటరీ అని మూడు భాగాలున్నాయి.

1986లో గెర్డ్ బిన్నిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టఫ్ గెర్బర్ లోకానికి తెలిపిన ఈ సూక్ష్మదర్శినిలో కటకాలతో బొమ్మను పెద్దది చేయడం ఉండదు. కాంటిలీవర్ అనే సన్నని పలక చివరనున్న సూది మొన ఉపరితలాన్ని తడుముతూ సాగుతుంటే, పలక వంగిన మేరకు దాని వీపుపై పడిన లేజర్ కిరణం పక్కకు జరిగి ఎత్తుపల్లాలను తెలుపుతుంది. మొన నుంచి విద్యుత్తు ప్రవహించనక్కరలేదు కనుక, ఎలక్ట్రోడ్‌ను ద్రావణంలో ఉంచి, పొటెన్షియోస్టాట్‌తో పొటెన్షియల్‌ను మారుస్తూనే ఉపరితలాన్ని చూడవచ్చు. బంగారంపై ఒక పరమాణు మెట్టు ఎత్తు దాదాపు 0.24 నానోమీటర్లు, అనగా మిల్లీమీటరులో పదిలక్షల వంతులో నాలుగో భాగం. ఈ సభామందిరపు ఫ్యాన్ల అదురు అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది కనుకనే పరికరాన్ని అదురు సోకని బల్లపై నిలుపుతారు.

వేదికపైనున్న రాగి చెంబు కూడా ఈ విషయానికి చెందినదే. చింతపండుతో తోమగానే చెంబు మెరవడానికి కారణం, పులుపులోని ఆమ్లం రాగిపై పట్టిన ఆక్సైడు పొరను కరిగించడమే. బంగారం విషయంలో రాగి మరొక వింత చూపుతుంది: రాగి పరమాణువులకు తమలో తమకున్న బంధం కన్నా బంగారంతో బంధం గట్టిది కావడంతో, మామూలుగా రాగి పేరుకునే పొటెన్షియల్ రాకముందే ఒక్క పరమాణువు మందపు పొర బంగారంపై ఏర్పడుతుంది. దీనిని 1991లో పాల్ హన్స్మా, ఆండ్రూ గెవర్త్ తదితరులు ద్రావణంలోనే చిత్రించి చూడగా, పెర్‌క్లోరేట్ ద్రావణంలో సుమారు 0.29 నానోమీటర్ల ఎడంతో దట్టమైన అమరిక, సల్ఫేట్ ద్రావణంలో సుమారు 0.49 నానోమీటర్ల ఎడంతో పలుచని అమరిక కనిపించాయి. సల్ఫేట్‌లో కనిపించిన చుక్కలు రాగి పరమాణువులే అనుకుంటే బంగారంలో మూడో వంతు మాత్రమే కప్పబడినట్లు కాగా, ప్రవహించిన విద్యుదావేశం మూడింట రెండు వంతులు కప్పబడినట్లు లెక్క చెప్పింది. ఈ చిక్కును ఎక్స్-కిరణ పరిశోధనలు విప్పాయి: రాగి తేనెపట్టు గదుల వలె అమరి ఉండగా, ఆ గదుల నడుమ పైకి నిలిచిన సల్ఫేట్ అయాన్లనే మొన తడిమింది. బొమ్మ అబద్ధమాడలేదు, దాని అర్థాన్ని తేల్చడానికి మాత్రం రెండో సాక్ష్యం కావలసి వచ్చింది.

ఈనాటి ప్రయోగశాలల్లో ఆ రెండో సాక్ష్యం కోసం ఆగే ఓపిక తగ్గిపోవడం విచారకరం. గాజు పాత్రను ఆమ్లంతో కడిగి, స్వచ్ఛమైన నీటితో పలుమార్లు తొలచే అలవాటు సన్నగిల్లుతున్నది. సాఫ్ట్‌వేర్ పూసిన రంగుల వెనుక మెట్టు ఎత్తు సరిపోయిందో లేదో చూసేవారూ, మొన తానే పొరను గీకివేసిందేమోనని పక్క చోటును మళ్ళీ చిత్రించి సరిచూసేవారూ అరుదవుతున్నారు.

మూడవదైన లిథియం బ్యాటరీలో, మొదటి ఛార్జింగులో ద్రావణం విచ్ఛిన్నమై గ్రాఫైట్‌పై ఏర్పడే రక్షక పొరను ఇదే పద్ధతిలో కొలుస్తారు. అక్కడ పొర మెత్తనిది కనుక మొన గీకివేసే ప్రమాదం ఇంకా ఎక్కువ.

కావున విద్యార్థులు ప్రతి చిత్రం కింద ద్రావణం పేరు, పొటెన్షియల్, మొన మోపిన బలం, ప్రవహించిన విద్యుదావేశం తప్పక రాయాలి. ఆ నాలుగూ లేని చిత్రాన్ని సాక్ష్యంగా స్వీకరించరాదు.