చుట్టరికం ఒకరితో, మాట ఇంకొకరితో
(భద్రిరాజు కృష్ణమూర్తి స్మారకోపన్యాసం, పలమనేరు)



భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1928లో ఒంగోలులో పుట్టారు, 2012లో హైదరాబాదులో పోయారు. నడుమ కొంతకాలం మన తిరుపతి విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పారు. ఆయన పేరు మీద పలమనేరులో మాట్లాడమన్నారు కాబట్టి, ఆయన తేల్చిన సంగతుల్లో ఈ ఊరికి బాగా తగిలేదాన్ని ఎత్తుకుంటాను.

ద్రావిడ భాషల వంశవృక్షాన్ని ఆయన దిద్దారు. ఆ లెక్కన తెలుగుకు తోబుట్టువులు తమిళమూ కన్నడమూ కావు. గోండి, కొండ, కుయి, కువి. తమిళ కన్నడ మలయాళాలు వేరే కొమ్మవి. అరకు వైపు కొండల్లో మాట్లాడే కొండ భాషకు, అంటే కూబికి, ఆయన 1969లో పుస్తకమే రాశారు. సరే, మన పెద్దపంజాణి రైతును తీసుకుపోయి అరకు సంతలో కూబి మాట్లాడేవాళ్ళ మధ్య నిలబెట్టండి. బిక్కమొహం వేస్తాడు. అదే మనిషిని గుడియాత్తం పంపండి, ముళబాగిలు పంపండి. బేరం చేస్తాడు, పోట్లాడతాడు, కాఫీ తాగి వస్తాడు. దగ్గరి చుట్టం ముందు మూగవాడైనవాడు దూరపు చుట్టం ముందు వాగుడుకాయ ఎట్లా అయ్యాడు? ఈ పొద్దు నేను చెప్పబోయేదంతా దీని గురించే.

మొగిలి కనుమ ఎక్కితే పలమనేరు. దిగితే చిత్తూరు, అక్కణ్ణుంచి వేలూరు. పడమరకు పోతే నంగిలి నుంచే కన్నడ దేశం. ఈ దారి కోసం కొట్టుకోని రాజు లేడు. గాంగుల తొలి రాజధాని కోలారే. 9, 10 శతాబ్దాల్లో బాణులు, వైదుంబులు, నొళంబులు, చోళులు ఈ చుట్టుపట్ల కలబడ్డారు. వాళ్ళ కోసం చచ్చినవాళ్ళ వీరగల్లులు ఇప్పటికీ చేలల్లో, చెరువు కట్టల మీద దొరుకుతూనే ఉన్నాయి. ఒకదాని మీద తెలుగు, ఇంకోదాని మీద కన్నడం, మరోదాని మీద తమిళం. రాతి మీద ఏ భాష ఉండాలో రాజు కొలువు చూసి నిర్ణయమయ్యేది. ఆవుల మందకు అడ్డంపడి చచ్చినవాడు ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడో రాయి చెప్పదు. వాడి పక్కన నిలబడి పోరాడినవాడు వేరే భాషవాడు అయ్యుండడానికీ అడ్డేం లేదు.

ఇంకో ఎనిమిది వందల ఏళ్ళు దాటేద్దాం. కోలారు సీమలోని బూదికోటలో పుట్టిన హైదర్ అలీకి చదువూ రాతా రావు. కానీ ఉర్దూ, కన్నడం, తెలుగు, మరాఠీ, తమిళం ఐదూ మాట్లాడేవాడని చరిత్రకారులు రాశారు. 1782 డిసెంబరులో ఆయన ప్రాణం పోయింది మన చిత్తూరు పక్కనే, నరసింగరాయనిపేట దగ్గర. ఆయనను మెచ్చుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. దండులో ఎదగాలన్నా, గుర్రాలు కొనాలన్నా, శిస్తు వసూలు చేయాలన్నా ఆ సీమలో అన్ని భాషలు కావలసి వచ్చాయి. ఆ కాలంలోనే చింతామణి దగ్గర కైవారంలో గాజులు అమ్మి బతికిన నారేయణ యోగి అటు తెలుగులోనూ ఇటు కన్నడంలోనూ పదాలు కట్టారు. ఆయన మావాడంటే మావాడని తగాదా పడే ఓపిక అప్పటి జనానికి లేదనుకుంటా.

ఈ భాషల చుట్టరికం మొదట తేలింది మదరాసులో. అక్కడ దొరలకు దేశభాషలు నేర్పడానికి 1812లో కళాశాల పెట్టారు. దానికి వెన్నెముక ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్. అప్పట్లో పేరుమోసిన పండితులు తెలుగును సంస్కృతం నుంచి పుట్టించేశారు. ఎల్లిస్ ఒప్పుకోలేదు. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పేర్చి చూపించి, ఈ మూడింటికీ మూలం ఒకటేనని, అది సంస్కృతం కాదని రుజువు చేశాడు. అందుకు ఆధారమైన తెలుగు ధాతువుల పట్టిక తయారు చేసింది అదే కళాశాలలో పనిచేసిన పట్టాభిరామశాస్త్రి. నలభై ఏళ్ళకు, 1856లో, కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల మీద పెద్ద పుస్తకం రాశాడు, పేరంతా ఆయనకు పోయింది. శాస్త్రి గారి పేరు తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళలో ఎంతమందికి తెలుసో మీరే అడిగి చూడండి.

ఎల్లిస్ చెప్పింది చుట్టరికం గురించి. కృష్ణమూర్తి గారు ఆ చుట్టరికాన్నే ఇంకా నిక్కచ్చిగా తేల్చారు. అయితే చుట్టరికం వేరు, ఒకరి మాట ఒకరికి అర్థం కావడం వేరు. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులో సాంగ్లీ జిల్లా కుప్‌వాడ్ అనే ఊరుంది. అక్కడి మరాఠీ, కన్నడం, ఉర్దూల మీద గంపెర్జ్, విల్సన్ అనే ఇద్దరు 1971లో ఒక వ్యాసం అచ్చువేశారు. మాటలు ఎవరివి వాళ్ళవే. వాక్యం కట్టే తీరు మాత్రం మూడింటిలోనూ ఒకటైపోయింది. ఒక భాష వాక్యంలో మాటకు మాట మారిస్తే చాలు, ఇంకో భాష వాక్యం తయారు. మూడింటిలో కన్నడం మనది, మిగతా రెండింటికీ దానితో రక్తసంబంధమే లేదు. అంత దూరం పోనక్కర లేదు. మన వి.కోట, పేర్ణాంబట్టు సాయిబుల దక్కనీ వినండి. మనం 'అని' పెట్టేచోట వాళ్ళు 'బోల్‌కే' పెడతారు. ఢిల్లీవాడు నవ్వుతాడు. మనకు ఒక్క దెబ్బకు అర్థమవుతుంది, ఎందుకంటే అది మన వాక్యమే.

అర్థం కావడం అంగడిలో, మండీలో, సంతలో తయారైంది. మల్బరీ పెట్టిన మన రైతులు పట్టుగూళ్ళు ఎత్తుకొని శిడ్లఘట్ట దాకా పోతారు. చంద్రిక అంటే పురుగు గూడు కట్టే వెదురు తడక అని అటు కన్నడం మాట్లాడేవాడికీ ఇటు తెలుగు మాట్లాడేవాడికీ ఎవరూ చెప్పనక్కర లేదు. టమోటా వేలంలో తమిళ వ్యాపారి, తెలుగు రైతు, ఉర్దూ మాట్లాడే లారీ డ్రైవరు ఒకే చోట నిలబడి ఉంటారు. అంకె తప్పు వింటే డబ్బు పోతుంది. అంతకంటే గట్టి పంతులు ఎవరున్నారు?

తెలుగు లోపలికి వస్తే కథ ఇంకో రకం. 1962లో కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు, వ్యవసాయ పదాలతో. 1971లో చేనేత సంపుటం. ఊళ్ళకు పోయి, సేద్యగాణ్ణి, సాలెవాణ్ణి అడిగి రాసుకున్న మాటలవి. కోస్తాలో గట్టు, మన దగ్గర గెనిమ, తెలంగాణలో ఒరం. ఒకచోట వేరుశనగ, ఇక్కడ చెనిక్కాయ, అనంతపురంలో బుడ్డలు, తెలంగాణలో పల్లీలు. పత్రిక, రేడియో, సినిమా కోస్తా తెలుగును మన చెవుల్లో పోశాయి గాబట్టి అది మనకు తెలుసు. మన మాట వాళ్ళ చెవిన పడింది చాలా ఆలస్యంగా. కథకుడు నామిని తన కతలు మన యాసలోనే రాసి అచ్చుకెక్కించినాక చదివేవాళ్ళకు కొంత తెలిసింది. 2021లో 'పుష్ప' సినిమా వచ్చినాక శ్రీకాకుళం దాకా వినబడింది. వినాల్సిన భారం ఎప్పుడూ బలం లేనివాడి మీదే పడుతుంది. అది మనం పొగుడుకోవలసిన సహనం కాదు, ఒక అన్యాయం.

ఇక సరిహద్దు గీతల సంగతి. పలమనేరు తాలూకా ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. 1911లో చిత్తూరు జిల్లా పుట్టింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. సరిహద్దు తేల్చిన పాటస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసుకు పోయింది. ఊరిని కొలమానంగా పెట్టుకొని, ఎక్కువమంది మాతృభాష ఏదో చూసి గీత గీశారు. ఆంధ్ర ఉద్యమం న్యాయమైనదే, నాకు ఆ విషయంలో సందేహం లేదు. కానీ మాతృభాష కాలమ్‌లో ఒక్క పేరే పడుతుంది. మూడు భాషల్లో బతికే ఇల్లు ఆ కాలమ్‌లో పట్టదు. తెలిసిన ఇతర భాషలను, రెండింటి దాకా, జనాభా లెక్కలవాళ్ళు రాసుకుంటారు గానీ గీత గీసేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

గీత పడినా సంత ఆగలేదు, పెళ్ళిళ్ళు ఆగలేదు. మారింది బడి. తమిళనాడు 2006లో చేసిన చట్టంతో హోసూరు, కృష్ణగిరి తెలుగు పిల్లలకు తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. మన వైపు పిల్లలు తమిళం, కన్నడం వింటారు, కొందరు మాట్లాడతారు, కానీ బస్సు మీది బోర్డు చదవలేరు. ఇప్పుడు మండీలో పాత మనుషులు పక్కకు తప్పుకుంటే కొత్తవాళ్ళు ఇంగ్లీషులోకో హిందీలోకో దిగుతున్నారు. వాళ్ళను తిట్టి లాభం లేదు, మనం నేర్పలేదు.

కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి ఉంది. పొరుగు రాష్ట్రాలు కూడా చేయి వేసి నిలబెట్టిన సంస్థ అది. దానికీ, ఈ సభలో ఉన్న పంతుళ్ళకూ నా విన్నపం రెండు ముక్కలు. కృష్ణమూర్తి గారు సేద్యానికీ నేతకూ చేసిన పనిని పలమనేరు, వి.కోట, బైరెడ్డిపల్లె, కుప్పం మండీల్లో, పట్టుగూళ్ళ దగ్గర, ఇక్కడి మట్టిబొమ్మల కుమ్మరుల దగ్గర చేయండి, ఒక్కో మాటకు మూడు భాషల రూపాలూ దక్కనీ రూపమూ పక్కపక్కన రాసుకుంటూ. రెండోది, సరిహద్దు మండలాల బడుల్లో ఆరో తరగతి పిల్లలకు వారానికి ఒక పీరియడు పొరుగు లిపి నేర్పండి. పరీక్ష వద్దు. చదువు చెప్పడానికి మనుషులు కావాలంటే ఈ ఊళ్ళోనే ఉన్నారు, అడగండి.