అడవిలో నడుద్దాం రండి

శబరిమల వెళ్లొచ్చినవాళ్లు మనకు ప్రసాదం పెడతారు గాని, ఆ కొండను చుట్టుకున్న అడవి సంగతి చెప్పరు. అది కేరళలోని పెరియార్ అడవి. 1978 నుంచి పులుల రక్షితారణ్యం. తేక్కడిలో పడవెక్కి, ఏనుగు కనబడగానే కేకలేసి తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. అడవిని చూడాలంటే నడవాలండీ. అటవీశాఖవారే దారి చూపే మనిషినిస్తారు.

తలలో మల్లెలు, ఒంటికి అత్తరు ఆ పూటకు మానండి. మృగాలకు ముక్కు మహా చురుకు. జలగలు ఎక్కకుండా మోకాళ్లదాకా గుడ్డ మేజోళ్లు తొడుక్కోవాలి. ఒకటి పట్టినా కంగారొద్దు. నెత్తురు గడ్డకట్టనివ్వదు గనక కాసేపు కారుతుంది. కడిగి, గుడ్డతో అదిమితే సరి.

పులి కనబడలేదని ఆ దారి చూపే మనిషి మీద విసుక్కోకండి. ఆయన అడుగుజాడను, ఏనుగు లద్దెను చూసి అడవి కబుర్లు చెబుతాడు. వీళ్లలో కొందరు ఒకప్పుడు ఇక్కడే దొంగచాటుగా అడవి దాల్చిన బెరడు ఒలిచి అమ్ముకున్నవారే! 1990ల చివర్లో అటవీశాఖ వాళ్లనే కాపలాకు, దారి చూపడానికి పెట్టుకుంది. దొంగదారులు వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తాయి?

మరో మాట. 2002లో అక్కడి పల్లెల ఆడవాళ్లు 'వసంతసేన' పేరుతో వంతులు వేసుకుని, జీతం లేకుండానే అడవిలో గస్తీ మొదలుపెట్టారు. ఇంటిపని ముగించుకునే వెళ్లేవారు.

కనుక నడకకు కట్టే రుసుము దగ్గర బేరమాడకండి. ఆ మనిషి ఇంట్లో పొయ్యి వెలిగితేనే చెట్టుకు బెరడు మిగులుతుంది. సెలవు.