పొలం ఎవరిది? పళ్లెం ఎవరిది?

(దళిత మహిళా సంఘాల సమావేశంలో ఒక టీచర్ చేసిన ప్రసంగ పాఠం)



పోయిన వారం హైదరాబాద్ నుండి ఇద్దరు మనుషులు కారేసుకొని మన వాడకొచ్చిండ్రు. పెద్ద హోటల్ వాళ్ల తరఫున వచ్చినమన్నరు. హోటల్ మిద్దె మీద తోట పెంచిండ్రట. ఆ తోటలో రాత్రిపూట విందు చేస్తరట. దానికి మన చేన్ల పచ్చజొన్నలు, కొర్రలు, తుమ్మికూర కావాలన్నరు. అంతటితో ఆగలేదు. మన సంఘం ఆడోళ్లు ఆరుగురు మంచి చీరలు కట్టుకొని వచ్చి, అతిథుల ముందు ఇసుర్రాయి తిప్పి చూపించాలన్నరు. పోదామని కొందరు, వద్దని కొందరు. అందుకే ఈ ముచ్చట మీ ముందు పెడుతున్న.

ముందు ఆ విందు సంగతేందో తెలవాలె. దాన్ని ఫామ్ టు టేబుల్ అంటరు. అంటే పొలం నుండి సీదా భోజనం బల్ల మీదికి. 1971లో అమెరికాలోని బర్క్‌లీ పట్నంలో ఆలిస్ వాటర్స్ అనే ఆమె షే పనీస్ అనే హోటల్ పెట్టింది. దగ్గరి రైతుల దగ్గర కొనాలె, ఆ కాలంలో పండిందే వండాలె అన్నది ఆమె పట్టు. పండించినోళ్ల పేర్లు కార్డు మీద అచ్చువేసే అలవాటు కూడా ఆ దారిలోనే వచ్చింది. ఆలోచన చెడ్డదేం కాదు. మొన్న వచ్చినోళ్లు మనకు చూపించిన కార్డు మీద మాత్రం వంటాయన పేరే ఉన్నది. ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు.

నా దగ్గర చదువుకున్న పిలగాడొకడు అసొంటి హోటల్లోనే గిన్నెలు కడుగుతడు. వాన్ని అడిగిన. మిద్దె మీద కొబ్బరిపొట్టు నింపిన సంచులు, సన్న పైపుల్లో నీళ్లు, పుదీన, కొత్తిమీర, గోలీలంత టమాటలు, ఇంతే టీచరమ్మా అన్నడు. పళ్లెం మీద చల్లుకోవడానికి సరిపోతయట. మిగతాదంతా లారీల మీద వచ్చేదే. ఆ తోటకు ఎరువు సంచులు మోసేది మనోళ్లే. విందు మొదలయ్యే యాళ్లకు వెనక మెట్ల నుండి దిగిపోవాలె. ఒక మనిషి భోజనం రేటు, మన కలుపు కూలి పది రోజులది.

ఇగ తిండి సంగతి. జొన్నలు, సజ్జలు, కొర్రలు ఎవరి తిండి? మా అమ్మ జొన్నగటక కట్టిస్తే బడి వెనక గోడ చాటుకు కూసొని తిన్న. వరన్నం తింటే పెద్దోళ్లు, గటక తింటే మాదిగోళ్లు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినంక మన ఇండ్లల్లోనూ వరన్నం ఉడికింది. ఆ బియ్యం మన కడుపు నింపింది, దాన్ని నేను తక్కువ చేయను. అయితే జొన్న చేన్లు అడిగే దిక్కులేక పడావు పడ్డయి. 2013 ఆహార భద్రత చట్టంలో రేట్లు చూడుండ్రి: కిలో బియ్యం 3 రూపాయలు, గోధుమలు 2, ముతక ధాన్యాలు 1 రూపాయి. ముతక ధాన్యాలంటే మన జొన్నలు, సజ్జలే. 2018లో అదే కేంద్ర ప్రభుత్వం వాటికి పోషక ధాన్యాలని పేరు పెట్టింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. ఆ ఏడు సెప్టెంబర్‌లో ఢిల్లీలో జి-20 విందులో దేశాధినేతలకు అవే వడ్డించిండ్రు.

ఇన్నేండ్లు ఆ గింజను ఎవరు కాపాడిండ్రు? జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలను చూడుండ్రి. అందులో ఎక్కువమంది దళిత ఆడోళ్లే, బడి మొఖం చూడనోళ్లే. విత్తనాలకు బూడిద కలిపి, వేపాకు వేసి బుట్టల్లో దాచిండ్రు. పడావు భూములు సాగులోకి తెచ్చి, ఊరి గింజ ఊర్లోనే పంచుకునే సొంత రేషన్ నడిపిండ్రు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. హోటలోళ్లు అడిగిన తుమ్మికూర ఎవరూ విత్తేది కాదు. వానకు దానంతట అదే మొలుస్తది. గడ్డిమందు కొట్టే ఆసామి చేన్లో దొరకదు, అందుకే మన గడపకొచ్చిండ్రు. బేరంలో ఇది యాదుంచుకోవాలె.

మన కూడులో కూడా వాళ్లు ఏరుకుంటరు. కొర్రలు బల్లెక్కినయి, పెద్దకూర ఎక్కలే. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో మన పిల్లలు పెద్దకూర పండుగ చేసుకుంటే దాడులు చేసిండ్రు గదా.

బడిలో పనిచేసేదాన్ని కాబట్టి ఇంకో మాట. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఆదివాసులకు ముందు చోటివ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్, చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ బడిలో దళిత ఆమె వండిందని అగ్రకులాల పిల్లలు తినలేదు. తీసేసింది ఎవరినంటే ఆమెను. గొడవ అయినంకనే మళ్లీ పనిలో పెట్టుకున్నరు. మిద్దె మీద మాత్రం మనల్ని రైతక్కలంటరు, పక్కన నిలబడి ఫోటో దిగుతరు. వాడ పేరు అడగరు.

రైతక్క అన్నప్పుడు భూమి ఉండాలె గదా! 2011 జనాభా లెక్కల్లో దేశంలో మనం నూటికి 16 మందికి పైనే. 2015-16 వ్యవసాయ లెక్కల్లో మన సాగులో ఉన్నది నూరెకరాలకు 9 ఎకరాలు కూడా లేదు. అసైన్డ్ భూమి అమ్మొద్దు, కొనొద్దని 1977లో చట్టం చేసిండ్రు. అయినా పట్నం చుట్టూ ఆ భూములు ఎన్ని ఫాంహౌసుల కిందికి పోయినయో మీకు నేను చెప్పాల్నా? 2014లో మొదలుపెట్టిన మూడెకరాల పథకం కొన్ని వేల కుటుంబాల దగ్గరే నిలిచిపోయింది.

ఇప్పుడు బేరం. నన్నడిగితే గింజ అమ్ముదాం. పైసలు మనకూ కావాలె. అయితే సంఘం పేరు మీద అమ్ముదాం, రసీదు రాయించుకుందాం, సగం పైసలు ముందుగాలనే తీసుకుందాం. విత్తనం బుట్టల జోలికి పోవద్దు. కూరాకు మన పొయ్యి మీదికి సరిపోయినంకనే అమ్మాలె. కార్డు మీద ఊరి పేరు, సంఘం పేరు పడాలె. ఇసుర్రాయి తిప్పనీకి ఎవరూ పోవద్దు. ఆరుగురిని పిలుస్తే ఆరు కుర్చీలు వేయాలె, అందరితో కలిపి వడ్డించాలె. దీనికి వాళ్లు ఒప్పుకోకుంటే జొన్నలు మన అంగట్లోనూ అమ్ముడుపోతయి.

శుక్రవారం వాళ్లు మళ్లొస్తరు. ఈ షరతులన్నీ ఒక కాయితం మీద రాసుకొచ్చిన. ఇప్పుడు చదువుతా. రేటు దగ్గర ఖాళీ పెట్టిన, అది మీరే చెప్పాలె.